కొండమ్మ కాగితం, లిడియా కత్తెర

మాట్లాడకండి మాధవి గారూ! మీకు దణ్ణం పెడతా, నోరు తెరవకండి. మాట రావాలంటే లోపలికి గాలి పోవాలి, గాలి పోయిందంటే ఈ పట్టుగుడ్డ నిలువునా చిరిగిద్ది. తల ఊపండి చాలు. ఊఁ, అట్టా. మరీ అంత గట్టిగా కాదు, మెడ వెనక హుక్కు కిర్రుమంటంది.

ఊపిరి పైపైన తీసుకోండి, కొంచెం కొంచెంగా. ఆఁ, అట్టా. కళ్ళు అంత పెద్దవి చేస్తే ఎట్టాగమ్మా, నేనేం కావాలని చేశానా?

ఎనిమిది హుక్కులూ పెట్టేదాకా పెట్టేశాం ఇద్దరం. మీరు పొట్ట బిగబట్టారు, నేను మోకాలు మీ నడుముకి ఆనించి లాగాను. పెట్టామా? ఇప్పుడు తీయడం కుదరట్లా. హుక్కు తీయాలంటే రెండంచులూ ఇంకాస్త దగ్గరికి రావాలి గదా? ఇంకాస్త అంటే ఎక్కణ్ణుంచి వస్తాయి? వెనక హుక్కుల మోడలుతో ఇదే తంటా. ఆ రోజుల్లో ఆడవాళ్ళు ఎట్టా వేసుకున్నారో, ఎట్టా విప్పుకున్నారో!

అందుకని పక్క కుట్లు విప్పుతున్నా. ఒక్కో కుట్టూ బ్లేడుతో తెంపాలి. మీ అమ్మగారు పెళ్ళిచీరతో వచ్చిన ముక్కని రెండో జాకెట్టుకని దాచి, యాభై ఏళ్ళు పెట్టెలో నిద్రపుచ్చారు. గబుక్కున లాగానంటే అప్పడం విరిగినట్టు విరిగిద్ది.

ఆఁ! వస్తన్నామండీ పెద్దమ్మగారూ! అయిపోయింది! చిన్న సర్దుబాటు, అంతే! మీరు ఫ్యాను కింద కూర్చోండి, నిమ్మసోడా తెప్పించనా? వద్దా? సరేనండి!

మీ అమ్మగారికి ఓపిక తక్కువ. ఆమెదేం తప్పులే, యాభయ్యో పెళ్ళిరోజు ఎవరికన్నా రోజూ వస్తదా? పన్నెండింటికి కల్యాణమండపంలో దండలు మార్చుకోవాలి. మీ నాన్నగారు పొద్దున్నే కొత్త పంచె కట్టుకుని అక్కడ కుర్చీలు సర్దిస్తన్నారంట. మీరేమో అమ్మ పెళ్ళిచీర కట్టుకుని, పెళ్ళి ఫోటోలో అమ్మ వేసుకున్నట్టాంటి జాకెట్టే వేసుకుని, ఆ ఫోటో పక్కన నిలబడాలి. చూసినోళ్ళకి తల్లెవరో కూతురెవరో తెలియకూడదు.

ఆలోచన బంగారం లాంటిది. కాదన్లా. బుట్ట చేతులు, గొంతు దాకా మూసిన మెడ, వెనక హుక్కులు. కాలేజీ పిల్లలు ఫోన్లో చూపించి కుట్టమంటన్నది కూడా ఇప్పుడు అదేగా.

కానీ చూడండి, మొదటి తప్పు మీది. ఆఁ, మీదే! నేను టేపు తీసుకుని దగ్గరికొస్తే ఏమన్నారు? "టేపెందుకు లిడియా, అమ్మ కొలత కాగితం నీ దగ్గర ఉంది గదా, దాంతోనే కొయ్యి. అమ్మది ముప్పై రెండు. ఇప్పుడు నాదీ ముప్పై రెండే" అన్నారు. అన్నారా లేదా?

మూడు నెలలు కొర్రన్నం, కీరా ముక్కలు. బజ్జీల బండి ముందు నుంచి ముక్కు మూసుకుని నడిచారంట. ఒంగోల్లో క్లాసు చెప్తా చెప్తా కళ్ళు తిరిగి బల్ల పట్టుకున్నారంట కూడా. ఇంత చేసిన మనిషిని, ఉండండి కొలిచి చూస్తా అంటే అనుమానించినట్టు ఉండదూ? అందుకని ఊరుకున్నా. పైగా ఆ రోజు మీరు కొంగు నిండుగా కప్పుకుని వచ్చారు. కొంగు కింద సంగతి నాకేం తెలుసుద్ది?

నవ్వకండి! ఏడవనన్నా ఏడవండి గానీ నవ్వకండి, అసలుకే మోసం వస్తది.

మామూలుగా అయితే ఎవరైనా ఆది జాకెట్టు ఒకటి తెస్తారు. సరిగ్గా పట్టే పాత జాకెట్టు. దాన్ని పరిచి కోసుకుంటాం, గొడవ ఉండదు. మీ అమ్మగారి పెళ్ళి జాకెట్టు ఏనాడో చిరిగి గిన్నెలు తుడిచే గుడ్డ అయిపోయిందాయె. మిగిలింది మా అత్త కాగితం ఒక్కటే.

మా అత్త మీకు గుర్తుందిగా, కొండమ్మ. పోయి నాలుగేళ్ళు. ఆమె మిరపచేలకి కూలికి పోయిన మనిషి. చర్చి కాంపౌండులో ఎవరో అమ్మగారి దగ్గర కుట్టు నేర్చుకుని, మార్టూరులో మొదటి ఆడ టైలరు నేనే అని చెప్పుకునేది. మా చినమామ దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీలో చేసేవాడు. వచ్చినప్పుడల్లా చిరిగిన సిమెంటు సంచులు చుట్టలు చుట్టి తెచ్చేవాడు. ఆ దళసరి కాగితాన్ని దులిపి, తడిగుడ్డతో తుడిచి, ఇస్త్రీ పెట్టి, ఒక్కో ఆడమనిషికీ ఒక్కో కాగితం కోసి ఉంచేది మా అత్త. పైన పేరు, కింద అంకె. ఊళ్ళో ఆడోళ్ళంతా మా ఇంట్లో ఒకే మేకుకి వేలాడేవాళ్ళు.

ఇప్పటికీ ఆ కాగితం విదిలిస్తే సిమెంటు రాలిద్ది. బయట గ్రానైటు రాళ్ళ పాలిషు దుమ్ము, లోపల సిమెంటు దుమ్ము. నా ఊపిరితిత్తుల్లో ఈపాటికి స్లాబు వేసే ఉంటారు.

చెయ్యి దించకండి, కుడిపక్క సగమే అయింది.

ఎక్కడున్నా? ఆఁ, మా అత్త. ముప్పై ఏళ్ళు ఆమె పక్కన కూర్చున్నానమ్మా. ఒక్క జాకెట్టు కొయ్యనివ్వలా నన్ను. కోసేది ఆమె, కుట్టేది నేను. కత్తెర దిండు కింద పెట్టుకుని పడుకునేది. "నీ చెయ్యి కుట్టుకైతే సరే గానీ కోతకి పనికిరాదు లిడియా" అనేది. చాటుగా అంటే పోనీలే అనుకుందును. బల్ల మీద నలుగురు కూర్చుని ఉండగా అనేది.

సరే, అదట్టా ఉంచండి. పెట్టె తీసి వెతికితే మీ అమ్మగారి కాగితం దొరికింది. వెంకటేశ్వరమ్మ అని నీలం పెన్సిలుతో చక్కగా రాసి ఉంది. కింద ముప్పై రెండు. ఊరికే ఉండలేక టేపు పెట్టి చూద్దును గదా, కాగితం ముప్పై ఆరు వస్తంది! మూడుసార్లు చూశా. కళ్ళజోడు తుడుచుకుని చూశా. ముప్పై ఆరే.

ఏమనుకోవాలి నేను? మీరే చెప్పండి. వద్దు, చెప్పకండి!

మా అత్తకి అప్పట్నుంచే చూపు ఆనేది కాదేమో అనుకున్నా. లేకపోతే ఇంకెవరి కాగితం మీదనో మీ అమ్మగారి పేరు రాసిందేమో అనుకున్నా. ఎందుకంటే మీ అమ్మగారు ముప్పై రెండని ఊరంతా ఎరుగుదురు. ఎరగనోళ్ళకి ఆమే చెప్తారు. పెళ్ళిళ్ళలో చెప్తారు, పేరంటాల్లో చెప్తారు, బస్సులో పక్క సీటామెకి చెప్తారు. "మా మాధవి నా పోలిక కాదమ్మా, వాళ్ళ మేనత్త పోలిక. పీటల మీద కూర్చున్ననాడు నేను ముప్పై రెండు" అని. ఇదే గదిలో, ఇదే అద్దం ముందు కూడా అన్నారు. మీకు పదిహేనేళ్ళుంటాయేమో అప్పుడు. నేను కొత్త కోడల్ని. మీరు ఓణీ చివర మెలిపెడతా నేలకేసి చూస్తా నిలబడ్డారు. నాకు బాగా గుర్తు.

కాబట్టి దిద్దా. ఆఁ, దిద్దా! కాగితాన్ని అటూ ఇటూ కోసి ముప్పై రెండుకి తెచ్చా. పోనీ ఊపిరికి ఉండనీ అని ఒక అంగుళం వదిలా, నేనేం రాక్షసిని కాదుగా. ఆ కాగితం పెట్టి గుడ్డ కోశా. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అట్టా అయింది.

అట్టా చూడకండి. ఇంకా ఉంది చెప్పేది.

ఇందాక బ్లేడు తెస్తానని లోపలికి పోయి పావుగంట దాకా రాలేదని కాలు నేలకేసి కొట్టారు గదా? అప్పుడు నేనేం చేస్తన్నానో తెలుసా? మా అత్త పెట్టె ముందు కూర్చుని కాగితాలు కొలుస్తన్నా. బ్లేడు కోసం చెయ్యి పెడితే నా కాగితం తగిలింది. లిడియా అని ఉంది. కింద ముప్పై.

ముప్పై అంట! నేను ఈ గడప తొక్కేనాటికే ముప్పై నాలుగమ్మా. మా మరదళ్ళు నన్ను చూసి మంచం కోళ్ళు గట్టివేనా అని అడిగేవాళ్ళు. ఆ కాగితంతోనే మా అత్త నా మొదటి క్రిస్మసుకి జాకెట్టు కోసింది. ఎక్కడా బిగుతు లేదు, ఎక్కడా వదులు లేదు, నా ఒంటి మీదే పుట్టినట్టు కుదిరింది. మరి ముప్పై అని ఎట్టా రాసిందీ? టేపు పెట్టా. ముప్పై నాలుగు.

పాస్టరమ్మ గారిది తీశా. నలభై అని రాసుంది. ఆ మహాతల్లి గుమ్మంలోంచి పక్కకి తిరిగి వచ్చేది, నలభయ్యేంది నా మొహం! కొలిస్తే నలభై నాలుగు. జహీరున్నీసా టీచర్ది తీశా. దానికీ నాలుగు అంగుళాలే తేడా. చూపు ఆనక తప్పు రాస్తే ఒకటి అటు పోయిద్ది, ఒకటి ఇటు పోయిద్ది. ప్రతి కాగితమూ పట్టి పట్టి నాలుగు అంగుళాలే తప్పుతాయా?

అప్పుడు వెలిగింది నా బుర్రకి. కొలిచేటప్పుడు మా అత్త అంకె పైకి అనేది. బల్ల మీదోళ్ళందరికీ వినపడేట్టు అనేది, "ముప్పై రెండేనమ్మా, సన్నజాజి తీగవి!" అని. అది వినంగానే ఆ మనిషి నడుం నిటారుగా లేచేది. రాసేది కూడా ఆ అంకే, వాళ్ళు మెడ సాచి చూస్తారు గదా మరి. కత్తెర దగ్గరికి వచ్చేసరికి మాత్రం నిజం కోసేది. చెవికి ఒక కొలత, కత్తెరకి ఒక కొలత. ముప్పై ఏళ్ళు పక్కనే ఉండి నేనిది కనిపెట్టలేకపోయా చూడండి. కోత నా చేతికిస్తే గదా తెలిసేది!

నన్ను ఒక్క మంచి మాట అన్లేదమ్మా ఆ మనిషి. కూర వండితే ఉప్పు చాల్లేదనేది, ఇల్లు ఊడిస్తే మూల చూపించేది. అట్టాంటిది నా కాగితం మీద కూడా నాలుగు అంగుళాలు తగ్గించి రాసి పెట్టింది. కోడలి కాగితం ఎవరు చూస్తారని? నేను చూస్తాననే రాసిందేమో. నేనేమో ఇన్నేళ్ళూ చూడనే లేదు. అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చా. అందుకే ఆలస్యం అయింది.

ఇంకా అర్థం కాలేదా మీకు?

మీ అమ్మగారిది ముప్పై ఆరు తల్లీ! పందొమ్మిదేళ్ళ పెళ్ళికూతురు, పీటల మీద, ఆ ఫోటోలో, ముప్పై ఆరు. ఇప్పుడు నా చేతుల కింద ఉన్న మీది ఎంతనుకున్నారు? ఇందాక టేపు వేసి చూశా, మీకు చెప్పలా. ముప్పై ఆరే. మేనత్త పోలికా లేదు, గాడిదగుడ్డూ లేదు. అచ్చంగా మీ అమ్మ పోతపోసినట్టు ఉన్నారు.

కదలకండి కదలకండి! అయ్యో ప్రభువా! ఏందా చప్పుడు? ఉండండి చూడనివ్వండి. హమ్మయ్య, హుక్కేలే. ఒకటి ఎగిరిపోయింది. గుడ్డ బానే ఉంది.

ఏందండీ పెద్దమ్మగారూ? చప్పుడా? కత్తెర కింద పడిందండీ! ఏం లేదు, ఏం లేదు!

ఇదిగో, ఎడమపక్క కూడా వచ్చేసింది. ఇంక రెండు కుట్లు. ఒకటి. ఆఁ, రెండు. ఇప్పుడు పీల్చండి! నిండుగా పీల్చండి. మొహానికి ఇప్పుడు రంగొచ్చింది మీకు. ఈ టవలు కప్పుకుని కుర్చీలో కూర్చోండి. నవ్వుతున్నారా, ఏడుస్తున్నారా? రెండూనా? కానివ్వండి, ఇంక ఏం చేసినా చిరిగేది ఏమీ లేదు.

ఆగండాగండి! ఎక్కడికి? టవలుతోనే బయటికి పోతారా? మూడు నెలల కొర్రన్నం సంగతి ఆమెని అడగాలా? అడగండి, మీ హక్కు. ముప్పై ఏళ్ళకి పైగా ఆ మాట మోస్తన్నారు, ఇవాళ దించుకోవాలంటే నేనెవర్ని ఆపడానికి? కానీ ఒక్క మాట విని పోండి. చెప్పకుండా దాచుకుందామనే అనుకున్నా, మనసొప్పట్లా.

మంగళవారం మీ అమ్మగారు ఒక్కరే వచ్చారు. నేనింకా గుడ్డ కొయ్యలా. ఆటో సందు మొదట్లోనే ఆపించి, ఆ మోకాళ్ళతో నడిచి వచ్చారు. కూర్చోమంటే కూర్చోలా, మంచినీళ్ళిస్తే తాగలా. "లిడియా, కొండమ్మ కాగితం ఎట్టా ఉంటే అట్టానే కొయ్యి. దాని మీద రాసింది చూడబాక. పిల్లకి అదే సరిపోయిద్ది" అన్నారు. గుమ్మం దాకా పోయి మళ్ళీ వెనక్కొచ్చారు. "పిచ్చిది తిండి మానేసింది. రేపు మళ్ళీ కడుపు నిండా తిన్నా పట్టేటట్టు ఉండాలి" అన్నారు.

ఆమెకి తెలుసమ్మా. తనది ఎంతో తెలుసు, మీది ఎంతో తెలుసు. వయసులో ఉన్నప్పుడు కొండమ్మ అన్న మాట పట్టుకుని పదిమందిలో గొప్ప చెప్పుకున్నారు, చెప్పుకున్నాక వెనక్కి తీసుకోవడం చేతకాలా. మీ ముందు నోటితో ఒప్పుకోలేక ఈ జాకెట్టుతో ఒప్పుకుందామని వచ్చారు. నేను సాగనిచ్చానా?

కూర్చోండి. ఆ కళ్ళు తుడుచుకోండి, కాటుక జారుతుంది. జాకెట్టు సంగతి నాకు వదిలెయ్యండి. కోసేసిన ముక్కలు పారెయ్యలా, ఉన్నాయి. చంకల కింద రెండు పట్టీలు అతికిస్తా. కొంగు కిందికి పోయిద్ది, ఫోటోలో పడదు. ముందు బయట సంగతి చూడనివ్వండి.

పెద్దమ్మగారూ! తప్పు నాదేనండీ! మీరు చెప్పినట్టు కొయ్యలా, నా తెలివి చూపించి బిగుతుగా కోశా! అమ్మాయిగారి ఒంట్లో ఏ తేడా లేదు, తేడా అంతా నా కోతలోనే! పదకొండున్నరకల్లా సరిచేసి పంపిస్తా!

అయింది. బయట బల్ల మీద ఆ వాగుడుకాయ షమా ఉంది, ఆమెతో ఇంకో ఇద్దరున్నారు. సాయంత్రం అయ్యేసరికి మార్టూరు మార్టూరంతా చెప్పుకుంటారు, కొండమ్మ కోడలికి కోత రాదంట అని. మీ అమ్మగారు ఏమన్నారో విన్నారా? నిమ్మసోడా తెప్పించమన్నారు, రెండు. ఒకటి మీకంట.

ఏందీ? ఊపిరి అందాక నన్నడిగే మాట ఇదా? అమ్మ అంత వివరంగా చెప్పి పోతే ఎందుకు వినలేదనా?

వినలా. అంతే.

సరే, అడిగారు గాబట్టి చెప్తా. మా అత్త పోయి నాలుగేళ్ళయినా, నేను కుట్టిన జాకెట్టు ఎవరు చూసినా "కొండమ్మ కోత గదా" అంటారు. అవును మరి, ఆమె కాగితాలు, ఆమె ఆది జాకెట్లు, ఆమె కత్తెర. ఇవాళ మీ ఫంక్షనుకి మూడొందల మంది వస్తారు. ఒక్కరన్నా ఎవరు కోశారే అని అడిగితే, లిడియా అని మీరు చెప్తారని ఆశపడ్డా. అట్టాంటప్పుడు ఆ కాగితం మీద టేపు పెడితే ముప్పై ఆరు కనపడింది. మా అత్త తప్పు చేసింది! ముప్పై ఏళ్ళు నన్ను పనికిరావన్న మనిషి తప్పు చేసి దొరికింది! మీ అమ్మగారు చెప్పిన మాట చెవిలోనే ఉంది, మరిచిపోయానంటే అబద్ధం. అయినా సరే కత్తెర తీసుకున్నా. ఒక్కదాన్నే ఈ అద్దం ముందు నిలబడి నవ్వుకున్నా మాధవి గారూ. పైకి, గట్టిగా, పిచ్చిదానిలాగా నవ్వుకున్నా. చచ్చిపోయిన మనిషిని గెలిచినందుకు.

ఇంకేం చేస్తాం. చెయ్యి పైకెత్తండి, పట్టీ ఎంత కావాలో చూడాలి.